ఏటికి ఇవతల ముప్పై ఎనిమిది, అవతల నలభై రెండు

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎముకల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. రాజమండ్రిలో ఉంటున్నాను. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఒకరిద్దరు ఫోన్ చేసి, "సార్, మమ్మల్ని సదరం బోర్డులో వేశారు. ఏం చూసుకోవాలో కాస్త చెప్పండి" అని అడిగారు. సదరం అంటే వైకల్యం ఉన్నవాళ్ళని పరీక్షించి, ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే శిబిరం. నలభై వస్తే పింఛను. ముప్పై తొమ్మిది వస్తే కాగితం మాత్రమే మిగులుతుంది.

నా సర్వీసులో సగం ఈ గీతకి అటో ఇటో మనుషుల్ని నిలబెట్టడంలోనే గడిచిపోయింది. ఆపరేషన్లు కూడా చాలా చేశాను. వాటిలో చేసిన తప్పులేమిటో నాకు తెలుసు, అడిగితే వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతాను. బోర్డు పనిలో మాత్రం ఎక్కడ తప్పు చేశానో, ఎక్కడ సరిగ్గా చేశానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అందుకని సలహాల జోలికి పోకుండా జరిగింది రాస్తున్నాను. చదివాక మీకేమైనా తేటపడితే నాకూ ఒక ముక్క చెప్పండి.

కొలత

బల్ల మీద గోనియోమీటరు ఉంటుంది. రెండు స్కేళ్ళని మధ్యలో మేకు కొట్టి కలిపినట్టుండే పనిముట్టు. దాన్ని కీలు పక్కన పెట్టి, మడవమని, చాపమని చెప్పి ఎన్ని డిగ్రీలు కదిలిందో చూస్తాం. కండరంలో బలం ఎంతుందో చేత్తో ఆపి చూస్తాం. పుస్తకంలో చెప్పిన లెక్క ప్రకారం శాతం వేసి సంతకం పెడతాం. చూసేవాళ్ళకి దర్జీ కొలతలు తీసుకున్నంత తేలికగా కనిపిస్తుంది, మొదట్లో నాకూ అలాగే కనిపించింది.

నటించేవాళ్ళు ఉంటారు. గదిలోకి కుంటుతూ వచ్చి, బయట జీళ్ళ బండి దగ్గర తిన్నగా నడిచేవాళ్ళని చూశాను. వాళ్ళని పట్టుకోవడానికి మాకు చాలా కిటుకులు నేర్పారు. మాట్లాడిస్తూ కాలు మడిపించడం, కింద పడిన కాగితం తీయమనడం, అలాంటివి. మా వైపు జనంలో నటించేవాళ్ళకంటే దాచుకునేవాళ్ళే ఎక్కువని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. డాక్టరు దగ్గరికి వెళ్తున్నామంటే తలస్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, పెళ్ళికి వెళ్తున్నంత శ్రద్ధగా తయారై వస్తారు. "ఎలా ఉందయ్యా?" అంటే "పర్లేదండి, మీ దయ" అంటారు. కొబ్బరిచెట్టు మీంచి పడి నడుము విరిగినవాడు కూడా "పర్లేదండి" అనే అంటాడు. దాచుకునేవాళ్ళని పట్టుకునే కిటుకు మాకెవరూ నేర్పలేదు.

ఎనిమిదంటే ఎనిమిదే

నేను ఎక్కువ కాలం పనిచేసింది కోనసీమలో, వశిష్ఠ ఏటికి ఇవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రిలో. నేను చేరేనాటికి అక్కడ శిబిరం జాతరలా ఉండేది. తొలి బస్సుకి వచ్చినవాళ్ళు సాయంత్రం దాకా వరండాలో పడి ఉండేవాళ్ళు. కాళ్ళు లేనివాళ్ళు, చూపు లేనివాళ్ళు, ఒళ్ళో పిల్లల్ని వేసుకున్న తల్లులు. అది చూసి నాకు ఒళ్ళు మండింది. టోకెన్లు పెట్టించాను. ఎనిమిదింటికి ఇంతమంది, ఎనిమిదిన్నరకి ఇంతమంది. ఎనిమిదన్నానంటే ఎనిమిదికి నేను కుర్చీలో ఉండేవాణ్ణి. పావుగంట దాటి వచ్చినవాళ్ళని ఇంకో రోజు రమ్మనేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి ఎవరూ అరగంటకి మించి కూర్చోని పరిస్థితి వచ్చింది. అందుకు చాలా గర్వపడ్డాను.

మా సూపరింటెండెంటు గారికి నేనంటే ముద్దు. పై అధికారుల సమీక్షలో ఆసుపత్రుల వారీగా పట్టిక వేసి చూపించేవాళ్ళు. ఎంతమంది వచ్చారు, ఎంతమందికి నలభై దాటింది, ఎన్నాళ్ళు ఆగాల్సి వచ్చింది అని. ఆగే కాలం మా దగ్గర అందరికంటే తక్కువ. నలభై దాటినవాళ్ళూ మా దగ్గరే తక్కువ. ఏటికి అవతలి ఆసుపత్రిలో స్లాట్ దొరకాలంటే నెలలు పట్టేది, ఆ రోజున వెళ్ళినా పొద్దుగూకేదాకా కూర్చోవాల్సిందే. కానీ అక్కడ చాలామందికి నలభై దాటేది.

"వాళ్ళది ధర్మసత్రం అండి. మనది ఆసుపత్రి" అనేవారు మా సూపరింటెండెంటు గారు.

నేనూ నవ్వేవాణ్ణి. జనం మాత్రం తెలివిగా చుట్టాల ఊరికి చిరునామా మార్చుకుని, పంటు ఎక్కి ఏరు దాటి అవతల పరీక్షకి వెళ్ళేవాళ్ళు. అక్కడి డాక్టర్లు జాలిపడి ఇచ్చేస్తున్నారనే అనుకున్నాను. డబ్బు కూడా చేతులు మారుతోందేమో అని కూడా అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ రోజుల్లోనే సూరిబాబు వచ్చాడు. కొబ్బరి దింపు పని. చెట్టు మీంచి పడి కుడి మోకాలు నుజ్జయింది. ఎక్కడో ఆపరేషన్ చేయించుకున్నాడు, ఎముక అతికింది గానీ మోకాలు బిగుసుకుపోయింది. ఇక చెట్టెక్కలేడు. భార్య సత్యవతి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్ళి ఇల్లు నడుపుతోంది. ఎనిమిదింటి టోకెన్ వాళ్ళది. తెల్లచొక్కా, తడి ఆరని జుట్టు. మోకాలు నూనె రాసి నిగనిగలాడుతోంది. ఉదయంపూట నా గదిలో ఎప్పుడూ ఒక వాసన ఉండేది, కొబ్బరినూనె, కర్పూరం కలిసిన వాసన. కోనసీమ జనం వాసన అదేనని అనుకునేవాణ్ణి, అంతకంటే ఆలోచించలేదు.

మడవమన్నాను. పళ్ళ బిగువున మడిచాడు. కొలిచాను, మళ్ళీ కొలిచాను. లెక్క వేస్తే ముప్పై ఎనిమిది వచ్చింది.

"ఎలా ఉందండి?" అంది సత్యవతి.

"రెండు తక్కువైందమ్మా. నేనేం చెయ్యలేను, కొలత కొలతే" అన్నాను.

"మరేనండి" అంది. ఇద్దరూ దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. అప్పుడు సమయం ఎనిమిదీ ఇరవై.

అవతలి ఒడ్డు

మూడేళ్ళ తర్వాత నన్ను ఏటికి అవతలి ఆసుపత్రికి బదిలీ చేశారు. ఆ ధర్మసత్రానికే. ఇక్కడ కట్టుదిట్టం చేసి చూపిస్తాననే పట్టుదలతో వెళ్ళాను.

అక్కడి సూపరింటెండెంటు మేడం నిదానస్తురాలు. వార్డులన్నీ తిరిగి, ఒక్కో పేషెంటునీ పేరుపెట్టి పలకరించి, పదకొండుకి బోర్డు గదిలోకి వచ్చేవారు. ఆవిడ వస్తే గానీ శిబిరం మొదలుకాదు. టోకెన్ల సంగతి ఎత్తాను.

"డాక్టర్లు నలుగురు కలిసి కూర్చోవాలి కదండీ. ముందు వార్డులో ఉన్నవాళ్ళని చూడనివ్వండి" అన్నారు.

ఆవిడ మాటలో అన్యాయమేమీ కనిపించలేదు. వరండాలో కూర్చున్నవాళ్ళని చూస్తే న్యాయమూ కనిపించలేదు. నేను నోరు మూసుకుని నా పని చేసుకున్నాను. అదే చెయ్యి, అదే గోనియోమీటరు, అదే పుస్తకం. నాలుగైదు నెలలు పోయాక పట్టిక చూసుకుంటే నా దగ్గర కూడా చాలామందికి నలభై దాటుతోంది.

నాకు మతిపోయింది. ముందు గోనియోమీటరుని అనుమానించి కొత్తది కొన్నాను. రెండూ ఒకటే చూపించాయి. తర్వాత నన్ను నేను అనుమానించుకున్నాను. ముసలివాణ్ణవుతున్నానా, మెత్తబడుతున్నానా? గుర్తున్న పాత కేసులు కొన్ని కాగితం మీద మళ్ళీ లెక్కవేసి చూశాను. లెక్కలో మెత్తదనం ఏమీ లేదు. ఇక్కడికి వచ్చే జనమే వేరా? నెలల తరబడి ఆగలేక ఓ మోస్తరు కష్టం ఉన్నవాళ్ళు మానేసి, బాగా దెబ్బతిన్నవాళ్ళే మిగులుతున్నారా? అదీ నిజం కావొచ్చు. ఆలోచించిన కొద్దీ కొత్త కారణం తోచేది, తోచిన ప్రతి కారణమూ సగమే సరిపోయేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం రెండున్నరకి సూరిబాబు కుంటుకుంటూ లోపలికి వచ్చాడు. సత్యవతి పుట్టిల్లు అవతలి ఒడ్డునే. కార్డులో చిరునామా అక్కడికి మార్పించుకుని, ఆర్నెల్లు ఆగి వచ్చారు. నన్ను చూసి ఇద్దరి మొహాలూ మాడిపోయాయి. మళ్ళీ ఈయనేనా అన్నట్టు చూశారు.

కొలిచాను. మొదటిసారి వంగినంత వంగలేదు. బాగా తగ్గింది. నాకు అనుమానం వచ్చింది.

"ఏంటయ్యా, అక్కడ వంగిన మోకాలు ఇక్కడ వంగట్లేదు? ఎవరైనా నేర్పించి పంపారా?" అన్నాను.

సూరిబాబు తల దించుకున్నాడు. "లేదండి బాబు. పొద్దుట్నుంచి కూర్చునున్నామండి. వంగట్లేదండి" అన్నాడు.

మాట్లాడిస్తూ మడిపించాను. కాగితం పడేసి తీయమన్నాను. కిటుకులన్నీ వాడాను. నటన లేదు, మోకాలు నిజంగానే వంగడం లేదు. లెక్కవేస్తే నలభై రెండు వచ్చింది. సంతకం పెట్టాను గానీ మనసులో ముల్లు మిగిలిపోయింది. ఎక్స్‌రేలో తేడా లేదు. పాతవి, కొత్తవి పక్కపక్కన పెట్టి చూశాను. ఎముక మారకుండా శాతం ఎలా మారిందో నాకు అర్థం కాలేదు. పొద్దుట్నుంచి కూర్చున్నామని అతను చెప్పింది విన్నాను, దాన్ని కూడా సాకుల్లో ఒకటిగానే లెక్కగట్టాను.

వేణ్ణీళ్ళు

రిటైరయ్యాను. ఈ మధ్య పింఛను తీసుకునేవాళ్ళందరినీ మళ్ళీ పరీక్షకి పిలుస్తున్నారు కదా. ఒకరోజు పొద్దున్నే సూరిబాబు, సత్యవతి మా ఇంటి గుమ్మంలో నిలబడ్డారు. నా చిరునామా ఎవరినో అడిగి పట్టుకున్నారు. కార్డు ఎప్పుడో సొంతూరికి మార్చుకున్నారట, అందుకని ఇవతలి ఆసుపత్రిలోనే స్లాట్ వచ్చింది. అతనికి ముప్పై ఎనిమిది వచ్చిన చోటే. పింఛను పోతే సూరిబాబు మందులకి కూడా సత్యవతి రొయ్యల తలలే దిక్కు.

కుర్చీలో కూర్చోమంటే సూరిబాబు కూర్చున్నాడు. సత్యవతి నిలబడే ఉంది.

"డాక్టరు గారండీ, ఒక్క మాట అడుగుదామని వచ్చేమండి. అక్కడికి ఎలా వెళ్ళాలండి? కాపడం పెట్టుకుని వెళ్ళమంటారా, రోజూలాగే వెళ్ళమంటారా?" అంది.

"కాపడం ఏంటమ్మా?"

"అదేనండి. మీ దగ్గరికొచ్చిన రోజుల్లో తెల్లారగట్లే లేచి వేణ్ణీళ్ళు కాచి, గుడ్డ ముంచి గంటసేపు కాపడం పెట్టేదాన్నండి. కర్పూరం వేసిన నూనె రాసి మర్దనా చేసేదాన్ని. అప్పుడే కదండీ కాలు కదిలి బస్సెక్కగలిగేది. మా ఊళ్ళో అందరూ అలాగే వస్తారండి. డాక్టరు గారి ముందుకి కర్రలా బిగుసుకుపోయి వెళ్తే బాగోదు కదండీ."

"రోజూ పెడతావా?"

"రోజూనా?" నవ్వింది. "నాకెక్కడ తీరుతుందండి. ఐదింటికల్లా షెడ్డు వ్యాను వచ్చేస్తుంది. ఏదైనా పనిమీద బయటికెళ్ళే రోజునేనండి."

ఎనిమిదింటికి నేను కొలిచింది ఇంకా వేడి తగ్గని మోకాలు. అవతలి ఒడ్డున రెండున్నరకి కొలిచింది ఆరు గంటలు బల్ల మీద చల్లారిన మోకాలు. ఎవరూ ఆగకూడదని నేను పెట్టిన టైము వల్ల ఎంతమందిని వేడి మీద కొలిచానో! ఇన్నేళ్ళలో "ఈ ఉదయం ఏం చేసుకుని వచ్చావయ్యా?" అని ఒక్కరిని కూడా అడగలేదు.

చిక్కుముడి విడిపోయిందని సంబరపడబోయాను. అంతలోనే అవతలి ఆసుపత్రిలో చెవుల డాక్టరు దగ్గర కూడా ఎక్కువమందికే నలభై దాటేదని గుర్తొచ్చింది. చెవికి కాపడమేమిటి? కాబట్టి మొత్తం తేడాకి కారణం ఇదేనని చెప్పను. ఆ మోకాలికి మాత్రం ఇదే కారణం.

"మామూలు రోజున ఎలా ఉంటాడో అలాగే తీసుకెళ్ళు. నూనె వద్దు, నీళ్ళు వద్దు. అందులో మోసమేమీ లేదు" అన్నాను.

"ఆయ్" అంది సత్యవతి.

వాళ్ళు వెళ్ళాక ఆ ఆసుపత్రి బోర్డులో ఇప్పుడున్న డాక్టరు మౌనికకి ఫోన్ చేశాను. నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. సిఫార్సు అవుతుందని సూరిబాబు పేరు ఎత్తలేదు. వచ్చినవాళ్ళని ఆ ఉదయం ఏం చేసుకుని వచ్చారో అడగమని మాత్రం చెప్పాను.

"అలాగే సార్. ఇక్కడ ఇప్పటికీ మీరు పెట్టిన పద్ధతే. ఎనిమిదంటే ఎనిమిదే" అంది సంతోషంగా.

గైర్హాజరు

పరీక్ష రోజు దాటాక సత్యవతి ఫోన్ చేసింది. గొంతు చిన్నగా ఉంది.

"మీరు చెప్పినట్టే కాపడం పెట్టలేదండి. ఆయన మంచం మీంచి లేవడానికే చాలాసేపు పట్టిందండి. ఆటోలో రోడ్డు మీదకొచ్చేం. బస్సు మెట్టెక్కలేకపోయేడు. రెండు బస్సులు పోయేయండి. మూడోదాంట్లో కండక్టరు గారు చెయ్యిచ్చి ఎక్కించేరు. వెళ్ళేసరికి టైము దాటిపోయిందన్నారండి. రాలేదని రాసేసేరంట. పింఛను ఆపుతారంటండి, మళ్ళీ స్లాట్ వచ్చేదాకా."

తప్పు ఎవరిదని అడగకండి. సలహా నాది, టైమూ నేను పెట్టిందే. పరీక్షకి వెళ్ళగలగాలంటే అందులో ఫెయిలయ్యేంత బాగుండాలి. ఉన్నదున్నట్టు వెళ్దామంటే వెళ్ళనే లేడు. ఇది నా బుర్రకి మొదటిసారి ఎక్కింది, అదీ రిటైరయ్యాక.

రెండు నెలలకి మళ్ళీ స్లాట్ వచ్చింది. ఈసారి నేనే కారు తీశాను. తెల్లవారకముందే రాజమండ్రిలో బయల్దేరి వాళ్ళ ఊరు వెళ్ళాను. సూరిబాబుని నేనూ ఆ ఊరి ఆటో అతనూ చెరోవైపు పట్టుకుని వెనక సీట్లో కాలు చాపి కూర్చోబెట్టాం. దారి పొడవునా గతుకు వచ్చినప్పుడల్లా పంటి బిగువున ఓర్చుకున్నాడు. ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు ఆసుపత్రికి చేరాం. నేను లోపలికి వెళ్ళకుండా వరండాలో కూర్చున్నాను. నేను తెప్పించిన బల్లలే. కూర్చుంటే ఎంత ఎత్తో, మోకాళ్ళకి ఎంత ఇబ్బందో ఆ రోజే తెలిసింది.

తలుపు తెరిచే ఉంది. మౌనిక గొంతు వినబడుతోంది.

"ఎలా ఉందండి?"

"పర్లేదండి" అన్నాడు సూరిబాబు.

"ఈ ఉదయం కాపడం గానీ, నూనె గానీ పెట్టుకున్నారా?"

"లేదండి."

"మామూలుగా బయటికెళ్ళాలంటే?"

దానికి సత్యవతి జవాబు చెప్పింది. వేణ్ణీళ్ళు, కర్పూరం, గంటసేపు మర్దనా, అన్నీ చెప్పింది. మౌనిక అన్నీ రాసుకుంటున్నట్టుంది. తర్వాత కొలతలు తీసింది. అరగంటకి బయటికి వచ్చి నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"సార్, మీరా! మీ మనిషని చెప్పలేదే?"

"చెప్పకూడదనే చెప్పలేదమ్మా."

"గీత దాటాడు సార్. ఇందులో అనుమానం లేదు. కానీ ఒకటి చెప్పండి. కాపడం పెట్టుకుని వచ్చినవాళ్ళని ఏం చెయ్యాలి? చల్లారేదాకా కూర్చోబెట్టాలా?"

ఇది రాస్తూ కూడా నేను దాన్నే తేల్చుకోలేకపోతున్నాను. వాళ్ళని వరండాలో ఆరేసి గంటలు ఆపితే న్యాయమా? ఆపకుండా కొలిస్తే న్యాయమా? అడగడం మాత్రం మానకమ్మా అన్నాను.

తిరుగు ప్రయాణంలో సూరిబాబు కళ్ళు మూసుకున్నాడు. సత్యవతి అతని కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పింఛను నిలబడిందని చెప్పినా ఆవిడ మొహంలో సంతోషం కనిపించలేదు. కాలవ గట్టు రోడ్డెక్కాక మెల్లగా అడిగింది.

"డాక్టరు గారండీ. మొదటిసారి రెండు తక్కువొచ్చింది కదండీ. ఆ రెండూ నేనే తగ్గించేసేనాండి? నేను వేణ్ణీళ్ళు పెట్టబట్టేనా, అన్నేళ్ళు పింఛను లేకుండా పోయింది?"

కారు పక్కకి తీసి ఆపాను. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ నా మొహం వైపు కాకుండా ఆ మోకాలి వైపే చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది.

"కాదమ్మా. నువ్వు నీ మొగుడికి నొప్పి తగ్గించావు. అడగకుండా కొలిచింది నేను" అన్నాను.

ఆవిడ సంచిలోంచి చిన్న సీసా తీసింది. పొద్దుట్నుంచి వెంట పెట్టుకునే ఉంది.

"ఇప్పుడు రాయొచ్చాండి?"

"రాయమ్మా" అన్నాను.

అరచేతుల్లో నూనె పోసుకుని, రెండు చేతులూ రుద్ది వేడెక్కించి, మోకాలి మీద పెట్టింది. సూరిబాబు పొద్దుట్నుంచి బిగపట్టిన ఊపిరి వదిలాడు. కారంతా కొబ్బరినూనె, కర్పూరం వాసన వచ్చింది. రోజూ ఎనిమిది గంటలకి నా పరీక్ష గదిలో ఉండే వాసన అదే.